పటం మీద మా వీధి

బ్యాగు అడుగున రెండు జతల బట్టలు పెట్టి, పైన తువ్వాలు పరిచి, ఆ తువ్వాలు మడతలో కత్తెర దాచింది అక్క. చిన్నది చూసి దాన్ని తీసి బల్ల మీద పెట్టింది. అక్క మళ్ళీ పెట్టింది. చిన్నది మళ్ళీ తీసింది.

"దారిలో బ్యాగు తెరిస్తే కత్తెర ఎందుకని అడుగుతారు."

"కుట్టుపని చేసేదాని బ్యాగులో కత్తెర కాక సుత్తి ఉంటుందా అని చెప్పు."

నిన్న సాయంత్రం నుంచి అక్కాచెల్లెళ్ళ మధ్య నడిచిన మొదటి మాటలు ఇవే.

ఏడు నెలల కిందట, కట్టుకున్న బట్టలతో, చంకలో ఒక లాప్‌టాప్‌తో, ముంజేతి మీద కమిలిన వేళ్ళ గుర్తులతో చిన్నది ఈ కుట్టుషాపు మెట్లెక్కింది. అప్పటినుంచి షాపు వెనక గది దాటి బయటికి రాలేదు. ఆమె అక్కడ ఉన్నట్టు అక్క కాక తెలిసిన మనిషి ఒక్కడే, ఎదురుగా గొడుగులు బాగుచేసే ఆయన. తల్లికి కూడా చెప్పలేదు. అలాంటిది నిన్న పొద్దున మరిది, చిన్నదాని మొగుడు, వీధిలోకి వచ్చాడు. గొడుగులాయన చేతిలో పని ఉన్నట్టుగా ఒక చిరుగు గొడుగు పట్టుకుని వచ్చి, "తెల్ల చొక్కా, ఎడమ కనుబొమ్మ మీద గాటు. ప్రతి తలుపూ చూసుకుంటూ పోతున్నాడమ్మా. మీ షాపు ముందు రెండుసార్లు ఆగాడు" అని చెప్పి, అడగకుండానే ఒక బొత్తం కొనుక్కుని వెళ్ళాడు.

మరిదికి వీధి తెలిసింది, తలుపు తెలియలేదు. ముప్ఫై తలుపుల వీధిలో తలుపు తెలియడానికి ఎన్నాళ్ళు పడుతుంది?

"అమ్మకి నువ్వే చెప్పావు. ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదని తెలిసి కూడా చెప్పావు" అంది చిన్నది నిన్న. అక్క ఒట్టేసింది. ఎంత గట్టిగా ఒట్టేస్తే అంత అనుమానంగా చూసింది చిన్నది. ఏడు నెలలు తన కంచంలో అన్నం పెట్టి, తన దిండు ఇచ్చి, వీధిలో కుక్క అరిచినా లేచి కూర్చున్న అక్కకి ఆ చూపు గుండెలో సూదిలా దిగి అక్కడే విరిగింది. సూది విరిగితే మిషను ఆపి ముక్క తీసేదాకా ఇంకో కుట్టు పడదు. ఎవరు చెప్పారో తేల్చుకునేదాకా ఆమెకీ ఊపిరాడదు.

ఏమైనా చిన్నది ఇక్కడ ఉండే వీల్లేదు. సాయంత్రం ఆరింటి బస్సులో తూర్పున ఇంకో ఊరికి, అక్కతో పాటు కుట్టు నేర్చుకున్న స్నేహితురాలి దగ్గరికి పంపాలి.

"నా నమూనాలు పెన్‌డ్రైవ్‌లోకి తీసి పెట్టుకోనీ" అని చిన్నది లాప్‌టాప్ తెరిచింది.

బట్టలు కత్తిరించడానికి కాగితం నమూనాలు గీసే సాఫ్ట్‌వేర్ అది. కొలతలు ఇస్తే చొక్కా ముందు భాగం, వీపు, చేతులు, కాలరు విడివిడిగా గీసి పెడుతుంది. ఒకరి ఊరూ మొహమూ ఒకరికి తెలియని నలుగురు తీరిక వేళల్లో కలిసి రాసి, అందరికీ ఊరికే ఇచ్చేది. ఎలా రాశారో కూడా ఎవరైనా తెరిచి చదువుకోవచ్చు. వెనక గదిలో కూర్చుని ఈ ఏడు నెలలూ చిన్నది దాని మీదే పని చేసింది. అక్క ముందు గదిలో ఆ నమూనాల మీదే గుడ్డ కత్తిరించింది.

సాఫ్ట్‌వేర్ తెరుచుకోగానే మూలన పసుపు చీటీ ఒకటి ఎగిరి నిలబడింది. 'కొత్త రూపానికి స్వాగతం! మీ ఊళ్ళో మనవాళ్ళు ముగ్గురున్నారు.'

అక్క వంగి చదివింది. "మీ ఊళ్ళో అంటే ఏ ఊళ్ళో?"

"ఈ ఊళ్ళోనే అయ్యుంటుంది."

"నువ్వు ఈ ఊళ్ళో ఉన్నావని దీనికెవరు చెప్పారు?"

చిన్నదాని వేలు మీట మీదే ఆగింది. "నేను చెప్పలేదు. పెట్టుకున్న రోజే అడిగింది, సమాచారం పంపనా అని. వద్దని టిక్కు తీసేశాను." గబగబా లోపలి పేజీలు తెరిచింది. గడి ఖాళీగానే ఉంది. "చూడు. వద్దన్నాను. మూడేళ్ళ కిందటే వద్దన్నాను. ఫోను కూడా వచ్చిన రోజే పారేశాను. ఎవరికీ ఒక్క ఉత్తరం రాయలేదు. ఇంకేం చెయ్యాలి? గాలి పీల్చడం మానెయ్యనా?"

అక్క లాప్‌టాప్ మూత దించి, చెప్పులేసుకుంది. "తలుపు గడియ పెట్టుకో. నేను మూడుసార్లు తడితేనే తియ్యి."

"ఎక్కడికి?"

"దీన్ని కన్నాయన దగ్గరికి."

రెండు వీధుల అవతల ఉంటారు లెక్కల మాస్టారు. హైస్కూల్లో పిల్లలకి త్రిభుజాలు చెబుతారు, మిగిలిన కాలమంతా ఆ సాఫ్ట్‌వేర్‌కి కాపలా కాస్తారు. కొత్తగా ఏది చేర్చినా, తప్పులు దిద్దినా, అడిగినవాళ్ళకి జవాబులు చెప్పినా ఆయన చేతి మీదుగానే. షాపులో అక్క కంప్యూటర్లో దాన్ని పెట్టింది కూడా ఆయనే. ఒక్క మనిషే ఉంటారు. చొక్కా కాలరు అరిగిపోతే కొత్త చొక్కా కొనరు, కాలరు తిప్పి కుట్టించుకుంటారు. పరీక్షలయి సెలవులు కాబట్టి ఆ గురువారం పొద్దున పది గంటలప్పుడు ఎర్ర పెన్నుతో జవాబు పేపర్లు దిద్దుతూ ఇంట్లోనే ఉన్నారు.

"రండమ్మా, రండి. నా కాలరు తిప్పడం అయిందా?"

"మీ కాలరు ఎక్కడికీ పోదు. మేం ఏ ఊళ్ళో ఉన్నామో మీ సాఫ్ట్‌వేర్‌కి ఎలా తెలుసు?"

మాస్టారి మొహం వెలిగిపోయింది. "చూశారా పసుపు చీటీ? నా ఆలోచనే! నిన్న విడుదల చేశాం. ఇప్పటిదాకా ఒక్కరూ బాగుందని చెప్పలేదు, మీరే మొదలు."

"బాగుందని నేనూ చెప్పలేదు."

ఆయన వినిపించుకోలేదు. పేపర్లు పక్కకి నెట్టి రెండో తెర వైపు కుర్చీ తిప్పారు. తెర నిండా ప్రపంచ పటం. దాని మీద ఆవాలు చల్లినట్టు చుక్కలు.

"ఒక్కో చుక్కా ఒక్కో మనిషమ్మా. పదకొండేళ్ళు రాశాం. ఎవరైనా వాడుతున్నారో, బావిలో రాయి వేస్తున్నామో తెలిసేది కాదు. మావాళ్ళలో ఒకాయన విసిగిపోయి మానేశాడు కూడా. అప్పుడు ఈ లెక్క పెట్టాను. సాఫ్ట్‌వేర్ తెరిచినప్పుడల్లా 'నేనిక్కడున్నాను' అని ఒక ముక్క చెబుతుంది. అంతే. ఇదిగో మన ఊరు. ఇది నేను. ఈ రెండూ మీ వీధిలోవి. ఒకటి మీ షాపు, రెండోది…"

"వద్దని టిక్కు తీసేసినా చెబుతుందా?"

"ఆ టిక్కు వేరమ్మా. అది సాఫ్ట్‌వేర్ మధ్యలో ఆగిపోయినప్పుడు పంపే రిపోర్టుకి. ఇది రిపోర్టు కాదు, ఊరికే లెక్క."

"వద్దు అన్న మాటలో ఇన్ని రకాలున్నాయని నాకు తెలియదు మాస్టారూ. ఎవరిని అడిగి పెట్టారు?"

"దాచలేదు కదా! రాసిందంతా బయటే ఉంది. ఎవరైనా చదువుకోవచ్చు. ఏ ఫైల్లో ఉందో, ఎందుకు పెట్టానో వివరంగా రాశాను కూడా."

"నేనెప్పుడు చదవాలి? ఈ కుట్టుకీ ఆ కుట్టుకీ మధ్యనా?" అక్క గొంతు లేచింది. "మీరు పన్నెండేళ్ళుగా నా దగ్గర కుట్టించుకుంటున్నారు. చొక్కా వేసుకునేముందు కుట్లు విప్పి లోపలేముందో చూసుకుంటున్నారా? నేను కుట్టాను కాబట్టి వేసుకుంటున్నారా?"

మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. నొచ్చుకున్నారు గానీ తగ్గలేదు. "కోప్పడకండి. అందులో పేరుండదు, అడ్రసుండదు. లాప్‌టాప్‌కి ఒక నంబరుంటుంది, అంతే. ఆ నంబర్లు పటం మీద ఎవరికీ కనపడవు, నాకొక్కడికే. తాళం చెవి నా దగ్గరే ఉంది."

"నంబరంటే… కాగితం మీద అచ్చవుతుందే, అడుగున కుడి మూల, చీమ తలకాయంత అక్షరాల్లో. అదేనా?"

"అదే. ఏ నమూనా ఏ యంత్రం మీద గీశారో తెలియాలి కదా."

అక్క పక్కనున్న స్టూలు మీద కూర్చుంది. ప్రతి నమూనా కాగితానికీ ఆ అంచుని ఆమె స్వయంగా కత్తిరించి చెత్తబుట్టలో వేస్తుంది, గుడ్డకి అడ్డమని. కానీ మరిది ఇంట్లో అల్మరా ఉంది. అందులో చిన్నది మూడేళ్ళు గీసిన నమూనాలు, చుట్టలు చుట్టి, అంచులతో సహా అలాగే ఉన్నాయి. లాప్‌టాప్ తెచ్చుకుంది గానీ కాగితాలు తెచ్చుకోవడం ఆ రోజు ఎవరికి గుర్తుంటుంది?

"మాస్టారూ, మీకొక సంగతి చెబుతాను. ఇది మీ పటం ఎక్కకూడదు" అని మొదలుపెట్టి, ఏడు నెలల కథా నాలుగు మాటల్లో చెప్పేసింది. చేతి మీద గుర్తులు. వెనక గది. తెల్ల చొక్కా. ముప్ఫై తలుపులు.

చెబుతుండగానే మాస్టారి రంగు మారింది. ఎర్ర పెన్ను మూత పెట్టారు, తీశారు, మళ్ళీ పెట్టారు. తర్వాత మొదటి తెర ముందుకి జరిగి, వాడేవాళ్ళు ప్రశ్నలు అడిగే పేజీ తెరిచారు. కిందికి, ఇంకా కిందికి పోయి ఒకచోట ఆగారు. పెదాలు కదులుతున్నాయి, శబ్దం రావడం లేదు.

"పైకి చదవండి."

"అమ్మా…"

"పైకి చదవండి మాస్టారూ. ఎవరైనా చదువుకోవచ్చన్నారుగా."

ఆయన చదివారు. మూడు వారాల కిందటి ప్రశ్న. "'అయ్యా, నా లాప్‌టాప్ ఎవరో ఎత్తుకుపోయారు. నా భార్య కష్టపడి గీసుకున్న నమూనాలన్నీ అందులోనే ఉన్నాయి. ఆమె తిండి కూడా తినడం లేదు. దాని నంబరు ఇది. ఎక్కడ తెరుస్తున్నారో చెప్పగలరా?'"

"జవాబు?"

"'మీ ఆవిడ బాధ అర్థమైంది. శుభవార్త! దొరికింది. విచిత్రం ఏమిటంటే అది మా ఊళ్ళోనే ఉంది. బట్టల బజారు వెనక వీధి. రోజూ పొద్దున తొమ్మిదిన్నరకి తెరుస్తున్నారు. కావాలంటే నేనే వెళ్ళి విచారించి పెడతాను.'"

"ఎవరు రాశారది?"

"నేనే."

"దానికతను?"

"'అక్కర్లేదు సర్. మీకెందుకు శ్రమ. నేనే వస్తాను.'"

జవాబు కింద చిన్న ఎర్ర గుండె బొమ్మ, దాని పక్కన పంతొమ్మిది అంకె. అదేమిటని అడిగింది అక్క. బాగా సాయం చేశారని మెచ్చుకున్నవాళ్ళ లెక్క అన్నారు మాస్టారు నేల చూపులు చూస్తూ. అంటే చిన్నది ఎక్కడ దాక్కుందో తెలిసి పంతొమ్మిది మంది సంతోషించారు.

కొట్టడానికి ఆమెకి ఎవరూ దొరకలేదు. దుర్మార్గుడైతే చొక్కా పట్టుకోవచ్చు. ఎదురుగా ఉన్నది తను కాలరు తిప్పి కుట్టిన చొక్కాలో ఒక ముసలి మాస్టారు. ఆడమనిషి అన్నం తినడం లేదంటే కరిగిపోయిన మనిషి. "తాళం చెవి మీ దగ్గరే ఉందన్నారు. అడిగినవాడికి మీరే తలుపు తీసి, లోపలికి దయచెయ్యమన్నారు" అని మాత్రం అనగలిగింది.

"కింద ఇంకొకటి ఉందమ్మా" అన్నారు ఆయన. "ఇవాళ పొద్దున ఎనిమిదింటిది. నేనింకా చూడలేదు. 'సర్, వీధి దొరికింది. ఇంకొంచెం కచ్చితంగా చెప్పగలరా? ఏ తలుపు?'"

గోడ గడియారం పదిన్నర కొట్టింది.

"తీసెయ్యండి. ఆ చుక్క ఇప్పుడే తీసెయ్యండి."

"నా ఒక్కడి వల్ల కాదు. ఏ మార్పుకైనా ఇంకో ఇద్దరు చూసి సరేననాలి. అది మా కట్టుబాటు. ఒకావిడ ఉండే చోట ఇప్పుడు అర్ధరాత్రి. ఇంకొకాయన కొండలెక్కడానికి పోయాడు."

"కొండలెక్కడానికి!"

"వచ్చే మంగళవారం దిగుతాడు."

అక్కకి నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది. "పెట్టేటప్పుడు మమ్మల్ని అడగక్కర్లేదు, తీసేటప్పుడు ముగ్గురు సంతకాలు పెట్టాలి. బాగుంది మాస్టారూ మీ తెరిచిన ఇల్లు. సరే, ఒక పని చెయ్యండి. లాప్‌టాప్ ఇక్కడ లేదు, పడమటి ఊరికి పోయిందని జవాబు రాయండి. వాడు అటు పోతాడు, నా చెల్లెలు ఇటు పోతుంది."

మాస్టారు మీటల మీద వేళ్ళు పెట్టారు. ఒక అక్షరం కొట్టారు. చెరిపేశారు. మళ్ళీ కొట్టి, మళ్ళీ చెరిపేశారు.

"రాయలేనమ్మా."

"ఎందుకు?"

"అది నిజం కాదు."

"మూడు వారాల కిందట మీరు రాసిందే నిజం! దాంతో ఏం ఒరిగింది? మీ నిజాయితీ తగలెయ్య!"

"ఒక్క అబద్ధమూ రాయలేదు పదకొండేళ్ళలో" అన్నారు ఆయన, తప్పు ఒప్పుకుంటున్న పిల్లవాడిలా. "పైగా అతను నమ్మడు. పటం అందరికీ కనిపిస్తుంది. పడమటి ఊళ్ళో ఒక్క చుక్కా లేదు. మీ వీధిలో రెండున్నాయి. తెలివైనవాడు, పటం చూసుకునే అడుగుతున్నాడు." ఇంకు మరక ఉన్న వేలితో తెర మీద అక్క వీధి నుంచి పడమటికి ఒక గీత గీశారు, బల్ల మీద లెక్క చేస్తున్నట్టు. తర్వాత లేచి కొక్కేనికున్న గుడ్డసంచి తీసుకున్నారు.

"చుక్క అక్కడుంటే రాయగలను. పన్నెండున్నర బస్సుంది. ఆరింటికల్లా అక్కడ దిగుతాను. దిగగానే లాప్‌టాప్ తెరిచి, ఫలానా ఊళ్ళో ఉందని జవాబు రాస్తాను. నిజమే రాస్తాను."

"మీరు వెళ్తారా?" అక్క నమ్మలేకపోయింది. "వాడు మంచివాడు కాదని ఇందాకటి నుంచి చెబుతున్నాను కదా. మీరు మెట్లెక్కితేనే ఆయాసపడతారు."

"బస్సుకి మెట్లు మూడేనమ్మా. రాత్రికి సత్రంలో పడుకుని రేపు సాయంత్రానికి వచ్చేస్తాను. సోమవారం బడి తెరుస్తారు, పేపర్లు ఇచ్చెయ్యాలి."

షాపు తలుపు మూడుసార్లు తట్టింది అక్క. గడియ తీసిన చిన్నది, వెనకాల మగమనిషిని చూసి ఒక్క అంగలో కటింగు బల్ల అవతలికి వెళ్ళిపోయింది. మాస్టారు గుమ్మం దగ్గరే నిలబడిపోయారు. మూడు వారాల కిందట తను అడ్రసు చెప్పింది ఈ మనిషిదేనని ఆయనకి అప్పుడే కళ్ళారా తెలిసింది.

అక్క జరిగింది చెప్పింది. చిన్నది చివరిదాకా విని, "అయితే నువ్వు అమ్మకి చెప్పలేదన్నమాట" అంది.

"ఒట్టేస్తే వినలేదుగా. ఇప్పుడు కంప్యూటరు చెబితే విన్నావు."

చిన్నది క్షమించమని అడగలేదు. అక్క భుజం మీద అంటుకున్న దారప్పోగు ఒకటి తీసి వేలికి చుట్టుకుంది. తర్వాత మాస్టారి వైపు తిరిగింది.

"నేను తిండి తినడం లేదని రాశాడా?"

"రాశాడమ్మా."

"ఆ ఇంట్లో నేను తిన్నానో లేదో అతను ఒక్కరోజు కూడా చూడలేదు" అంది. నమూనాలు వేరే తీసి పెట్టుకుని, లాప్‌టాప్ మూత వేసి, రెండు చేతులా ఆయనకి అందించింది. "దీని ఛార్జింగు ఎక్కువసేపు నిలవదు. వైరు వదులు. కాస్త వంచి పట్టుకోవాలి."

"వంచి పట్టుకుంటాను" అన్నారు మాస్టారు.

గొడుగులాయన ముందుగా వీధి చివరిదాకా పోయి, ఎవరూ లేరని తల ఊపాడు. మాస్టారు సంచి గుండెలకి హత్తుకుని, ఎండలో గోడవారగా నడుచుకుంటూ వెళ్ళారు. ఆగమందామని అక్కకి అనిపించింది. చెప్పాల్సింది ఇంకా చాలా మిగిలినట్టుంది. తిట్టాల్సింది కూడా మిగిలింది. రేపు తిట్టొచ్చులే అనుకుంది.

సాయంత్రం ఆరింటి బస్సులో చిన్నది తూర్పుకి వెళ్ళింది. అక్క షాపుకి తిరిగొచ్చి, ఇక దాచేదేముందని తన కంప్యూటర్లో పటం తెరిచి కూర్చుంది. ఆరూ ఇరవైకి పడమటి ఊళ్ళో చుక్క వెలిగింది. ఆరున్నరకి ప్రశ్నల పేజీలో మాస్టారి జవాబు వచ్చింది, ఒక్క వాక్యం. ఆరూ ముప్ఫై అయిదుకి దాని కింద మరిది రాశాడు. 'ధన్యవాదాలు సర్. నేనూ మీ బస్సులోనే వచ్చి ఇదే ఊళ్ళో దిగాను.'

చిన్నదాన్ని ఆ రాత్రి స్నేహితురాలు బస్టాండులో దింపుకుని ఇంటికి తీసుకెళ్ళింది. మాస్టారు శుక్రవారం సాయంత్రం రాలేదు. సోమవారం బడి తెరిచారు, లెక్కల పీరియడ్‌కి ఎవరూ రాలేదు. గురువారం మధ్యాహ్నం పన్నెండున్నర బస్సెక్కిన లెక్కల మాస్టారు ఆ తర్వాత ఏ రోజూ తిరిగి రాలేదు.